ఛాతీలో మంట: గ్యాస్ అనుకోవాలా, గుండె అనుకోవాలా?

కృష్ణలంక_రవి

నా వయసు 47. విజయవాడలో లెక్కలు చూసే ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే గడుస్తుంది. కొంతకాలంగా రాత్రి భోజనం చేసి పడుకోగానే రొమ్ము ఎముక వెనుక మంట మొదలై గొంతు దాకా పాకుతోంది. ఒక్కోసారి నోట్లోకి పుల్లటి నీళ్లు కూడా వస్తున్నాయి. లేచి కూర్చుని జెలుసిల్ తాగితే పావుగంటలో సర్దుకుంటుంది. ఇంతవరకు నాకు పెద్దగా భయం లేదు. అయితే ఈ మధ్య మా కార్యాలయంలో లిఫ్ట్ పాడై మూడో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లవలసి వస్తోంది. రెండో అంతస్తు దాటేసరికి సరిగ్గా అదే చోట పట్టేసినట్లు అవుతోంది, రెండు తేన్పులు వస్తున్నాయి, కాసేపు నిలబడితే పోతోంది. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. మధుమేహం లేదు. మా నాన్నగారికి 52వ ఏట బైపాస్ జరిగింది.

వీధి చివరి క్లినిక్‌లో ఈసీజీ తీసి, బాగానే ఉందని చెప్పి, ఆమ్లం తగ్గించే ప్యాన్ 40 (పాంటోప్రజోల్) మాత్ర రాసిచ్చారు. గుండె డాక్టరుకు చూపించమని మా ఆవిడ, అక్కడికి వెళితే స్టెంట్ వేయకుండా పంపరని మా బావమరిది చెరో పక్కకు లాగుతున్నారు. లక్షణాలను బట్టి ఇది ఏదో తేల్చుకునే దారి ఉందా?

వరంగల్_వాసి

గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయంటే అది గ్యాసే, ఇంకో ఆలోచన అక్కరలేదు. నాకు ఇది చాలా ఏళ్లుగా ఉంది. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, చింతపండు పులుసు, పచ్చళ్లు, రెండో విడత టీ మానేయండి. నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది.

పిడుగురాళ్ల_మాస్టారు

వరంగల్ మిత్రులు గోంగూర జోలికి రానందుకు గుంటూరు, పల్నాడు జిల్లాల తరఫున కృతజ్ఞతలు. కానీ రవిగారు మెట్ల సంగతి కూడా రాశారు. దానికి మీరు జవాబు చెప్పలేదు.

మందులషాపు_మావయ్య

తెనాలిలో మాకు మందుల దుకాణం ఉంది. రాత్రి తొమ్మిది దాటాక వచ్చేవారిలో చాలామంది అడిగేది ఈనో, జెలుసిల్, డైజిన్, లేదా ఏదైనా మంచి గ్యాస్ బిళ్ల. అడిగింది ఇచ్చి పంపడం మాకు తేలికే. అయినా ఎవరైనా ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, నుదుటి మీద చెమటతో నిలబడితే నేను మందు ఇవ్వను, బల్ల మీద కూర్చోబెట్టి ఇంటివాళ్లకు ఫోన్ చేయిస్తాను. మంట అనేవాడు సాధారణంగా వేలితో కింది నుంచి పైకి గీత గీసి చూపిస్తాడు. బరువు, బిగింపు అనేవాడు పిడికిలి బిగించి గుండెకు ఆనించి చూపిస్తాడు. ఇది పరీక్ష కాదు, మా అనుభవంలో కనిపించే గుర్తు మాత్రమే, దీనిని నమ్ముకుని ఎవరూ ఇంట్లో కూర్చోకూడదు.

డా_గోదావరి

నేను రాజమహేంద్రవరం దగ్గర జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. రవిగారూ, మీరు ఒకే ప్రశ్నలో రెండు వేరు వేరు సంగతులు చెప్పారు, ముందు వాటిని విడదీయాలి.

రాత్రి పడుకున్నాక వచ్చే మంట, గొంతులోకి పులుపు, లేచి కూర్చుంటే ఉపశమనం, ఇవి జీర్ణాశయంలోని ఆమ్లం వెనక్కి ఎగదన్నడాన్నే చూపిస్తున్నాయి. అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవలసిన ఆ వలయం బిగువు తప్పితే ఆమ్లం పైకి వస్తుంది. కడుపు నిండా తిన్నప్పుడు, వంగినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా రావడం అందుకే. మీరు వాడే ఆమ్లోడిపిన్ జాతి మందులు కూడా ఆ వలయాన్ని కొంత వదులు చేస్తాయి. అలాగని మందు మీరే ఆపేయవద్దు, మీ డాక్టరుతో ఈ మాట చెప్పండి.

మెట్ల సంగతి పూర్తిగా వేరు. శ్రమతో మొదలై, నిలబడితే కొద్ది నిమిషాలలో తగ్గి, మళ్లీ అంతే శ్రమ పడితే మళ్లీ వచ్చే బిగింపు, గుండె కండరానికి రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి తీరు. దానినే యాంజైనా అంటారు. తేన్పు వచ్చింది కాబట్టి గ్యాస్ అని తీర్మానించడానికి వీలులేదు, గుండె నొప్పి వచ్చేవారిలోనూ తేన్పులు, వికారం, వాంతి కనిపిస్తాయి. గుండె కింది భాగానికి రక్తం ఆగినప్పుడైతే నొప్పి పైకడుపులోనే తెలిసి, వాంతులతో అచ్చం అజీర్ణంలా ఉండవచ్చు.

రెండూ ఒకే చోట ఎందుకు తెలుస్తాయంటే, అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనుక నుంచి దిగుతుంది. రెండింటి నుంచి బాధను మోసుకెళ్లే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే మెట్టున చేరతాయి. రెండు పోర్షన్లకు కలిపి ఒకే మీటరు ఉన్న ఇంట్లో బిల్లు చూసి ఏ పోర్షనువారు ఎంత కరెంటు కాల్చారో చెప్పలేనట్లే, మెదడుకు కూడా బాధ ఎటు నుంచి వచ్చిందో స్పష్టంగా తెలియదు.

ఇక ఈసీజీ. నొప్పి లేని సమయంలో, పడుకుని ఉండగా తీసిన ఈసీజీ బాగుంటే, ఆ నిమిషంలో గుండె బాగుందని మాత్రమే అర్థం. రక్తనాళంలో గణనీయమైన అడ్డంకి ఉన్నవారికి కూడా విశ్రాంతిలో ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. వయసు, రక్తపోటు, మీ నాన్నగారి చరిత్ర కలిపి చూస్తే మీరు ఈ వారంలోనే గుండె డాక్టరును కలవాలి. అప్పటివరకు మెట్లెక్కవద్దు. కూర్చుని ఉండగా బిగింపు వచ్చి పది పదిహేను నిమిషాలు దాటినా, చెమట, ఆయాసం తోడైనా 108కి ఫోన్ చేయండి, స్కూటరు తీయవద్దు.

వరంగల్_వాసి

డాక్టరుగారికి గౌరవంతోనే చెబుతున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి మెట్లెక్కితే పొట్ట కదిలి ఆమ్లం పైకి రావడం కూడా సహజమే కదా? పరుగెత్తేవాళ్లకు మంట వస్తుందని నేను విన్నాను. ఛాతీ మంటతో నేను నగరంలోని ఒక ఆసుపత్రికి వెళితే రెండు రోజులు ఉంచి, ఉన్న పరీక్షలన్నీ చేసి, చివరకు రాసింది గ్యాస్ బిళ్లే. బిల్లు చూశాక మాత్రం నిజంగా గుండెల్లో నొప్పి వచ్చింది.

డా_గోదావరి

మీరు విన్నది నిజమే, నిండు కడుపుతో శ్రమపడితే ఆమ్లం ఎగదన్నుతుంది. అందుకే లక్షణాలతో తేలదని అంటున్నాను. రవిగారిని ఖాళీ కడుపుతో ఒకసారి, తిని ఒకసారి మెట్లెక్కి పోల్చుకోమని మాత్రం నేను చెప్పను, మీరూ చెప్పకండి. ఆ పోలిక ట్రెడ్‌మిల్ మీద, ఈసీజీ తీగలు పెట్టి, పక్కన డాక్టరు ఉండగా చేయవలసినది. పరీక్షలలో ఏమీ లేదని తేలడం డబ్బు దండగ అనిపించవచ్చు, ఆ బాధ నాకూ అర్థమవుతుంది. అవసరానికి మించి పరీక్షలు చేసేవారు లేరని నేను అనను. అయినా ఛాతీ నొప్పి విషయంలో గుండెను ముందు తోసిపుచ్చి, తర్వాత కడుపును చూడడమే మా పద్ధతి. ఎందుకంటే మొదటిది పొరబడితే సరిదిద్దుకోవడానికి మనిషి ఉండడు.

అలిపిరి_నడక

రవిగారి మెట్ల మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పెద్దన్నయ్య ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాడు. మొత్తం 3,550 మెట్లు, తెలిసినవారికి గాలిగోపురం వరకు ఉండే నిట్టనిలువు ఎక్కుడే అసలు పరీక్ష. ఒక ఏడాది ఆ ఎక్కుడులోనే గుండె మధ్య మంటగా ఉందని కూర్చున్నాడు, కింద తిన్న పూరీల పని అనుకుని సోడా తాగాడు, తగ్గింది, లేచాడు, మళ్లీ వచ్చింది. చల్లటి తెల్లవారుజామున చొక్కా తడిసేలా చెమట పట్టడం చూసి మా వదిన పట్టుబట్టి దేవస్థానం ప్రథమ చికిత్స కేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడి ఈసీజీలో తేడా కనిపించింది, ఆంబులెన్సులో తిరుపతికి దించారు. గుండె జబ్బు ఉన్నవారు నడకదారిలో రావద్దని దేవస్థానం ప్రకటనలు ఇస్తూనే ఉంటుంది. తనకు గుండె జబ్బు ఉందని అన్నయ్యకు అప్పటిదాకా తెలియదు, అదీ చిక్కు.

గాలిగోపురం దాటాక దారి చదునవుతుంది కాబట్టి నొప్పి తగ్గిపోయి, తర్వాత ఎవరికీ చెప్పని వారు ఎంతమంది ఉంటారో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పిడుగురాళ్ల_మాస్టారు

మా ఊళ్లో ఇలాంటి నొప్పికి మొదటి మజిలీ ఆర్‌ఎంపీ. ఆయన గ్యాస్ ఇంజెక్షన్ ఇస్తాడు, ఒక గంట చూద్దాం అంటాడు, ఆ గంట తెల్లవార్లూ సాగుతుంది. ఆయనను తప్పుపట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. ఇంజెక్షన్ ఇచ్చినా సరే, ఆ వెంటనే బండి ఎక్కించి నరసరావుపేట పంపించు బాబూ అని నేను చెబుతుంటాను.

సీతమ్మధార_సుజాత

ఇక్కడ అందరూ ఛాతీ గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మకు ఛాతీలో నొప్పే రాలేదు. వయసు 63, మధుమేహం ఇరవై ఏళ్ల నాటిది. ఆ రోజు ఉదయం నుంచి వికారం, కింది దవడ లాగడం, ఒళ్లంతా నీరసం. దవడ నొప్పి కదా అని పన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాము. ఆ డాక్టరు నోరు చూసి, పళ్లలో ఏమీ లేదని, అమ్మ ఊపిరి తీసుకునే తీరు నచ్చలేదని, ముందు ఈసీజీ తీయించమని పంపింది. ఆమెకు ఇప్పటికీ ప్రతి పండక్కీ మా ఇంటి నుంచి అరిసెలు వెళ్తాయి. ఆడవాళ్లలో, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లలో ఇలా నొప్పి లేకుండా రావడం మామూలేనా?

డా_గోదావరి

మామూలే. దీర్ఘకాల మధుమేహం నరాలను దెబ్బతీసి నొప్పి తెలియకుండా చేస్తుంది. స్త్రీలలో కూడా ఎక్కువ మందికి ఛాతీ నొప్పే వస్తుంది, కానీ దానితో పాటు లేదా దానికి బదులు ఆయాసం, వికారం, వీపు మధ్య నొప్పి, దవడ లాగడం, కారణం తెలియని నీరసం పురుషులలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ఇంటి పనులన్నీ ముగించాక పడుకుంటే తగ్గుతుందిలే అని వాళ్లే పట్టించుకోకపోవడం వల్ల ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారు. మధుమేహం ఉన్నవారికి కొత్తగా, అకారణంగా ఆయాసం లేదా వాంతి వస్తే గ్యాస్ అనే మాట ఇంట్లో ఎవరూ మొదట అనకూడదు.

అత్తిలి_అమ్మాయి

నాకు 26 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎడమ వైపు సూదితో గుచ్చినట్లు రెండు మూడు సెకన్లు నొప్పి వచ్చి పోతుంది. వేలితో నొక్కితే అక్కడే నొప్పిగా ఉంటుంది. దీని గురించి రాత్రంతా చదివి గుండె దడ తెచ్చుకున్నాను. ఇది ఈ రెండింటిలో ఏది?

డా_గోదావరి

బహుశా రెండూ కాదు. వేలితో చూపించగలిగేంత చిన్న చోట, నొక్కితే వచ్చే, సెకన్లలో పోయే నొప్పి ఎక్కువగా పక్కటెముకల మృదులాస్థి వాపువల్లో, కండరాల వల్లో వస్తుంది. నిద్రలేమి, ఆందోళన దానికి తోడవుతాయి. మీ వయసులో గుండె జబ్బు అరుదు, అసంభవం కాదు. పొగ తాగే అలవాటు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు, శ్రమతో పెరిగే నొప్పి, స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా ఒకసారి చూపించుకోండి.

వరంగల్_వాసి

అందరూ పరీక్షలంటున్నారు కానీ మా కాలనీలో పెద్దవాళ్లు వాడే సులువైన పద్ధతి ఒకటి ఉంది. గుండె నొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ బిళ్ల నాలుక కింద పెట్టుకోవాలి. తగ్గితే గుండె, తగ్గకపోతే గ్యాస్. ఈనో తాగితే దీనికి ఎదురు లెక్క. పది రూపాయలలో తేలిపోతుంది.

మందులషాపు_మావయ్య

వాసిగారూ, ఆ లెక్క రెండు వైపులా తప్పుతుంది. అన్నవాహిక కండరం పట్టేసినప్పుడు వచ్చే నొప్పి కూడా సార్బిట్రేట్‌తో తగ్గుతుంది, ఎందుకంటే ఆ మందు గుండె నాళాలనే కాదు, అటువంటి కండరాలన్నింటినీ వదులు చేస్తుంది. ఈనో తాగాక తగ్గిన నొప్పి గుండెదీ కావచ్చు, యాంజైనా ఎలాగూ కొద్ది నిమిషాలలో తనంత తాను తగ్గుతుంది, పేరు ఈనోకు వస్తుంది. పైగా సార్బిట్రేట్ రక్తపోటును పడేస్తుంది. అప్పటికే రక్తపోటు తక్కువ ఉన్నవారు, వయాగ్రా వంటి మాత్ర వేసుకుని ఒకటి రెండు రోజులైనా కానివారు దానిని వాడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండో సంగతి మా దుకాణం కౌంటరు దగ్గర ఎవరూ నోరు విప్పి చెప్పరు, భార్య పక్కన ఉంటే అసలే చెప్పరు. అందుకే డాక్టరు రాసినవారికి తప్ప నేను ఇవ్వను.

ఈనోలో సోడియం ఎక్కువ, రక్తపోటు ఉన్నవారు దానిని రోజూ మజ్జిగలా తాగడం మంచిది కాదని కూడా చెప్పుకోవాలి. రానిటిడిన్ అనే పాత గ్యాస్ బిళ్ల అడిగేవారు ఇప్పటికీ వస్తుంటారు. క్యాన్సర్ కారకమని అనుమానించే ఎన్‌డీఎంఏ అనే రసాయనం అందులో కనిపించడంతో 2020లో అమెరికాలో దానిని మార్కెట్ నుంచి తీసేయించారు, మన దేశంలో 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించారు.

కువైట్_కడప

నేను చూసినది ఇంకో రకం. కువైట్‌లో ఎనిమిది మందిమి ఒకే గదిలో ఉంటాము. సెలవు ముందు రాత్రి ఆలస్యంగా వండుకుని మాంసం, రాగిసంగటి తిని పడుకున్నాము. ఒంటిగంటకు నాకు ఛాతీలో నిప్పు పెట్టినట్లయింది. గదిలో తలా ఒక వైద్యుడు అయ్యాడు, ఒకడు సోడా అన్నాడు, ఒకడు జీలకర్ర నీళ్లు అన్నాడు. మా అనంతపురం అన్న ఒక్కడే ఎవరి మాటా వినకుండా అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, రక్తపరీక్ష చేసి, కొన్ని గంటల తర్వాత అదే రక్తపరీక్ష మళ్లీ చేసి, గుండె బాగుంది, ఇది ఆమ్లమే అని చెప్పి పంపారు. ఊరికే వచ్చావని అక్కడ ఎవరూ కసురుకోలేదు. ఇల్లు వదిలి వచ్చినవాళ్లం, పొద్దున డ్యూటీ పోతుందనే భయంతో ఓర్చుకోకండి అని మాత్రం చెబుతాను. ఆ రక్తపరీక్ష రెండుసార్లు ఎందుకు చేస్తారో డాక్టరుగారు చెప్పగలరా?

డా_గోదావరి

అది ట్రోపోనిన్ పరీక్ష. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ఆ ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది, కానీ నొప్పి మొదలైన వెంటనే రాదు, పెరగడానికి గంటలు పడుతుంది. అందువల్ల మొదటి ఫలితం మామూలుగా ఉన్నా, వాడే పరీక్ష రకాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు గంటల వ్యవధిలో మళ్లీ చేస్తారు. ఈసీజీని కూడా అలాగే మళ్లీ మళ్లీ తీస్తారు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాలలోపు మొదటి ఈసీజీ తీయాలనేది అంతర్జాతీయంగా పాటించే నియమం. మొదటి ఈసీజీ చూసి ఇంటికి పంపబోతుంటే రెండోది ఎప్పుడు తీస్తారని మీరు మర్యాదగా అడగవచ్చు.

డల్లాస్_దుర్గ

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ సమస్యకు ఇంకో ముఖం ఉంది. పురిటికో, వేసవి సెలవులకో వచ్చిన తల్లిదండ్రులు ఛాతీలో ఎలా ఉన్నా పిల్లలకు చెప్పరు, ఆంబులెన్సు ఖర్చు గురించి ముందే విని ఉంటారు. సందర్శకుల బీమా పాత జబ్బులకు వర్తించదనే భయం ఒకటి. మా మామగారు రెండు రోజులు టమ్స్ అనే గ్యాస్ బిళ్లలు చప్పరిస్తూ గడిపారు, చెత్తబుట్టలో ఖాళీ సీసా చూసి నేను పట్టుకున్నాను. 1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చిన వ్యక్తిని, డబ్బు కట్టగలడా లేదా అన్నదానితో సంబంధం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే స్థిరపరచాలి. బిల్లు తర్వాత వస్తుంది, మాట్లాడి తగ్గించుకునే వీలు కూడా తర్వాతే ఉంటుంది. ఈ మాట వాళ్లు విమానం దిగిన వారంలోనే చెప్పి ఉంచండి. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే చెల్లించే బీమాలు కూడా కొన్ని ఉన్నాయి, కొనేటప్పుడే చూసుకోండి.

పిడుగురాళ్ల_మాస్టారు

108 వచ్చేలోపు ఇంట్లో ఏం చేయాలో డాక్టరుగారు స్పష్టంగా రాస్తే మా ఊరి గ్రంథాలయం గోడకు అంటిస్తాను. 2005లో ఆ సర్వీసు మొదలైనప్పటి నుంచి నంబరు అందరికీ వచ్చు, వ్యాను వచ్చేదాకా ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు.

డా_గోదావరి

రోగిని నడిపించకండి, మెట్లు దింపేటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి దించండి. వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టి, బట్టలు వదులు చేయండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తపు వాంతులు లేదా నల్లటి విరేచనాలు అయినవారు, మెదడులో రక్తస్రావం అయిన చరిత్ర ఉన్నవారు కాకపోతే 300 నుంచి 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. ఇంట్లో 75వి మాత్రమే ఉంటే నాలుగు. నమలడం ముఖ్యం, అలాగే మింగితే పని ఆలస్యం అవుతుంది. వీపులోకి చీల్చినట్లు దూసుకుపోయే నొప్పి అయితే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకుండా ఆసుపత్రికి చేర్చండి, అది ప్రధాన ధమని చీలిక కావచ్చు, అప్పుడు రక్తం పలుచబడితే ప్రమాదం. తలుపు గడియ తీసి ఉంచండి, పాత రిపోర్టులు, వాడుతున్న మందులు సంచిలో వేయండి. దగ్గితే గుండె ఆగదని ఫోన్లలో తిరిగే సందేశాన్ని పట్టించుకోకండి. స్పృహ తప్పి ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడమే చేయవలసిన పని.

గుండె నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటలలోపు ఇస్తారు, మొదటి రెండు మూడు గంటలలో ఇస్తే దక్కే గుండె కండరం చాలా ఎక్కువ. తెల్లారాక చూద్దామనే మాట ఖరీదు అదే.

కృష్ణలంక_రవి

అందరికీ జవాబు ఒకేసారి రాస్తున్నాను. మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివి, డాక్టరుగారి మొదటి జవాబును మా బావమరిదికి పంపింది, అతనే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ట్రెడ్‌మిల్ పరీక్ష మధ్యలోనే ఆపేశారు, ఈసీజీలో మార్పు వచ్చిందన్నారు. యాంజియోగ్రామ్ చేస్తే ఒక నాళంలో 60 శాతం దాకా అడ్డంకి ఉంది, దానికి స్టెంట్ అక్కరలేదని మందులు రాశారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ ఇచ్చారు, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ తీసి మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్ పెట్టారు. రాత్రి మంట విడిగా ఆమ్లం వల్లేనని చెప్పి, కడుపు మాత్ర కొనసాగించమన్నారు. అంటే వరంగల్ మిత్రులు చెప్పినదీ, డాక్టరుగారు చెప్పినదీ రెండూ నాలోనే ఉన్నాయి. స్టెంట్ వేయకుండా పంపినందుకు మా బావమరిది మాత్రం ఆ ఆసుపత్రి అసలు మంచిదేనా అని ఇప్పుడు అనుమానపడుతున్నాడు.

వరంగల్_వాసి

మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. రాత్రి మంట గ్యాసే అని నేను ముందే అన్నాను, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. భోజనం ఏడున్నరకు.

మందులషాపు_మావయ్య

ఏడున్నర విషయంలో మాత్రం వాసిగారితో నాకు పేచీ లేదు, పడకకు మూడు గంటల ముందు తినడం ముగించాలి. దానితో పాటు మంచం తలవైపు కోళ్ల కింద అరడుగు ఎత్తు ఇటుకలు పెట్టండి. తల కింద రెండు దిండ్లు పెడితే నడుము మడిచి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, ఉపయోగం ఉండదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ప్యాన్ 40 వంటి మాత్ర పరగడుపున, ఇడ్లీకి అరగంట ముందు వేసుకోవాలి, చాలామంది మంట వచ్చాక వేసుకుని పనిచేయలేదంటారు. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ కొనేవారు ఆస్పిరిన్‌తో కలిపి దానిని వాడవద్దు.

మీకు కాదు కానీ, స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అనే గ్యాస్ బిళ్లలు ఆ మందు పనిని తగ్గిస్తాయి, పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. దుకాణంలో ఒక గ్యాస్ బిళ్లకు బదులు ఇంకో గ్యాస్ బిళ్ల ఇస్తే ఏమవుతుందిలే అనుకోకండి, చీటీలో ఉన్నదే అడగండి.

అలిపిరి_నడక

మా అన్నయ్యకు ఇచ్చినది ఒమెప్రజోలే. ఇంటికి ఫోన్ చేస్తున్నాను.

డా_గోదావరి

మందు తనంత తాను మార్చవద్దని కూడా చెప్పండి, గుండె డాక్టరును ఒకసారి అడిగి మార్చుకుంటే సరిపోతుంది. మింగేటప్పుడు అడ్డుపడడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నల్లటి విరేచనం, వీటిలో ఏది ఉన్నా బిళ్లలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలని ఆమ్లం బాధ ఉన్నవారందరూ గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడేవారు బి12, మెగ్నీషియం కూడా చూపించుకోవడం మంచిది.

సీతమ్మధార_సుజాత

ఒక చిన్న సందేహం. అమ్మ పాంటోప్రజోల్ వాడుతోంది, థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకోమన్నారు. ఇప్పుడు రెండు పరగడుపు మాత్రలలో ఏది ముందు?

డా_గోదావరి

నిద్ర లేవగానే థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో, అరగంట ఆగి పాంటోప్రజోల్, ఇంకో అరగంటకు టిఫిన్. కాఫీ కూడా ఆ టిఫిన్‌తోనే, ముందు కాదు. ఆమ్లం తగ్గించే మందుల వల్ల థైరాయిడ్ మందు ఒంటికి పట్టడం కొంత తగ్గవచ్చు, రెండు నెలల తర్వాత ఒకసారి థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చూపించండి.

సీతమ్మధార_సుజాత

మిగతావన్నీ వింటుంది. కాఫీ సంగతి మాత్రం మీరే ఫోన్ చేసి చెప్పాలి, డాక్టరుగారూ.